సీజన్ దాటాక వచ్చిన డబ్బు

సంక్రాంతి వెళ్ళిన వారం పదిరోజులకు మా పైరు పొట్ట మీదికి వస్తుంది. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర, కనిగిరి రిజర్వాయరు కింద మాది ఐదెకరాల మాగాణి. ఆ రోజుల్లో తెల్లవారి చేలోకి దిగితే మోకాళ్ళ దాకా తడిసిపోతాం. పగలు ఎండ, రాత్రి చలి, తెల్లవార్లూ ఆకు మీద మంచు. మనకు హాయిగా ఉండే ఈ వాతావరణమే అగ్గితెగులుకూ హాయి. ముందు ఆకు మీద నూలుకండె ఆకారంలో చిన్న మచ్చ పడుతుంది. నాలుగు రోజుల్లో మచ్చలు కలిసిపోయి మడి అంతా నిప్పు తగిలినట్టు మాడుతుంది. అప్పుడు తప్పినా కంకి తీశాక మెడవిరుపు రూపంలో మళ్ళీ వస్తుంది. కంకి మెడ నల్లబడి విరిగిపోతే లోపల గింజ ఉండదు, తాలే.

మొన్నటి రబీలో సెలవు పెట్టి ఊరికి వెళ్ళినప్పుడు మా పక్క చేను మామ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనది జిలకర మసూరి. పక్కన తెగులు మందు ట్రైసైక్లజోల్ ఖాళీ ప్యాకెట్లు పడి ఉన్నాయి, ఎకరాకు 120 గ్రాముల లెక్కన. "రెండు దఫాలు కొట్టినానమ్మా, ఇంకా దిగలా. మీ నాయన చేలో చూడు, ఏమన్నా ఉండాదా?" అన్నాడు. మా చేలో మచ్చలు లేవని కాదు. అక్కడక్కడా ఉన్నాయి. కానీ పైరు తట్టుకుని నిలబడింది. నాయన ఒక్కసారి కూడా మందు కొట్టలేదు. ఆ పంట ఎకరాకు నాలుగు పుట్లు దాటింది. మా దగ్గర పుట్టి అంటే 850 కేజీలు.

మా చేలో ఉన్నది ఎన్ఎల్ఆర్ 34449. బయటి జిల్లాల్లో దాన్ని నెల్లూరు మసూరి అంటారు. ఎన్ఎల్ఆర్ అంటే నెల్లూరే. నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానంలో పుట్టిన రకం. మన పాత వరి రకం మొలగొలుకుల్ని బాగుచేసిన కొత్త మొలగొలుకులూ అక్కడివే, తిక్కన రకమూ అక్కడిదే. ఈ పేర్లు తెలియని రైతు మా వైపు ఉండడు. వీటిని పుట్టించిన డబ్బు ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు మంజూరు చేశారు, ఆ డబ్బు ఇప్పుడు సక్రమంగా వస్తోందా అని అడిగిన మనిషిని మాత్రం నేను చూడలేదు. నేనూ చాలా ఏళ్ళు అడగలేదు. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను.

నెల్లూరు జిల్లా, సైన్సు అనగానే అందరికీ శ్రీహరికోట గుర్తొస్తుంది. మేడ మీదెక్కి రాకెట్లు చూస్తూ పెరిగినవాళ్ళం మేము. దాని గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను వరి గురించి రాస్తాను.

కొత్త రకం ఎలా పుడుతుందో చదువుకునే రోజుల్లో దగ్గరగా చూశాను. నలభై ఏళ్ళ అక్క ఒకామె, పీట మీద కూర్చుని, కుండీలో ఉన్న తల్లి మొక్క కంకిని చేతిలోకి తీసుకుంది. సాయంత్రం పూట. చిన్న కత్తెరతో ఒక్కో గింజ కొసను మూడో వంతు కత్తిరించింది. లోపల ఆరు పుప్పొడి తిత్తులు ఉంటాయి. పట్టకారుతో ఆరింటినీ బయటికి తీసింది. ఒక్కటి మిగిలినా మొక్క తనతో తానే ఫలదీకరణం చెందుతుంది, చేసిన పనంతా వృథా. కంకి మొత్తం అయ్యాక కాగితపు సంచి తొడిగి, తేదీ రాసి కట్టింది. మర్నాడు పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య వరి పూత విచ్చుకునే వేళకు తండ్రి మొక్క కంకి తెచ్చి, సంచి పైన తెరిచి, మెల్లగా దులిపింది. మళ్ళీ సంచి కట్టింది. ఒక కంకికి పాతిక ముప్పై గింజలు నిలిస్తే ఆ రోజు పని బాగా సాగినట్టు.

ఆ పాతిక గింజల దగ్గర మొదలు. వాటిని వేసి, వచ్చిన వాటిలో వేల మొక్కలు పెంచి, ఏరి, మళ్ళీ వేసి, మళ్ళీ ఏరి, ఆరేడు తరాలు గడిస్తేగాని గుణాలు స్థిరపడవు. ఆ తర్వాత పరిశోధన స్టేషన్‌లో దిగుబడి పరీక్షలు, వేరే జిల్లాల్లో పరీక్షలు, రైతుల పొలాల్లో మినీకిట్లు, అంటే వేసి చూడమని ఇచ్చే చిన్న విత్తన సంచులు. మొత్తం పదేళ్ళు, పన్నెండేళ్ళు. ఇందులో అగ్గితెగులు పరీక్ష అన్ని కాలాల్లోనూ కుదరదు. మంచు పడే రబీలోనే చేయాలి. దేశంలో అగ్గితెగులు పరీక్షకు మన నెల్లూరును ఎంచుకునేది కూడా ఈ మంచు వల్లే. నవంబరుకు నారుమడి సిద్ధంగా లేకపోతే, కూలీలకు ఇవ్వడానికి డబ్బు లేకపోతే, ఆ ఏడాది పరీక్ష లేదు. ఆ డబ్బే ఫిబ్రవరిలో వస్తే అందులో మంచు కొనలేం.

నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. పరిశోధనకు ఎన్ని కోట్లు ప్రకటించారన్నది సగం ప్రశ్న. ఆ డబ్బు ఏ నెలలో చేరింది, మరుసటి ఏడాదీ చేరిందా అన్నది మిగతా సగం. మన చట్టసభల్లో మొదటి సగం మీదే కాస్తో కూస్తో మాట వినపడుతుంది. రెండో సగాన్ని అడిగే దిక్కు లేదు.

నా అనుభవం చెప్తాను. ఎమ్మెస్సీ అయ్యాక ఒక పరిశోధన సంస్థలో మూడేళ్ళ ప్రాజెక్టులో జూనియర్ రీసెర్చ్ ఫెలోగా (జేఆర్‌ఎఫ్) చేరాను. అప్పట్లో ఫెలోషిప్ నెలకు 25,000. మా పని అగ్గితెగులు శిలీంద్రాన్ని ఊరూరా సేకరించి, ఏ తెగ ఎక్కడ ఉందో, ఏ రకం వరిని పడగొడుతోందో చూడటం. ఈ శిలీంద్రం మారుతూ ఉంటుంది. ఇవాళ తట్టుకున్న వరి రకం పదేళ్ళ తర్వాత తట్టుకోకపోవచ్చు. అందుకే పాత నమూనాలు దాచిపెట్టుకుని కొత్తవాటితో పోల్చి చూడాలి. ఇందుకూరుపేట, కోవూరు, ఆత్మకూరు, ఇటు కందుకూరు దాకా బస్సుల్లో తిరిగి మచ్చలున్న ఆకులు కవర్లలో వేసుకుని తెచ్చేదాన్ని. వాటినుంచి శిలీంద్రాన్ని పెంచి, ఫిల్టర్ పేపరు ముక్కల మీదికి ఎక్కించి, ఎండబెట్టి, డీప్ ఫ్రీజర్‌లో దాచేవాళ్ళం. ప్రతి కవరు మీదా ఊరి పేరు, చేను, తేదీ నా చేతిరాతతోనే ఉండేవి.

ప్రాజెక్టు జనవరిలో మంజూరైంది. మొదటి విడత డబ్బు ఫిబ్రవరి చివర్లో వచ్చింది. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం అయిపోయింది. ఆ నెలరోజుల్లో ఖర్చు పెట్టినదానికి యూసీ, అంటే డబ్బు వాడినట్టు ధ్రువపత్రం, పంపాలి. మిగిలినదానికి లెక్క చెప్పి, వచ్చే ఏడాదికి వాడుకోవడానికి అనుమతి తీసుకోవాలి. అవి పరిశీలించాకే రెండో విడత. ఆ రెండో విడత అక్టోబరులో వస్తుందన్నారు, డిసెంబరు దాటింది. మధ్యలో ఐదు నెలలు నాకు ఫెలోషిప్ లేదు. నాయన ధాన్యం అమ్మిన డబ్బులోంచి హాస్టల్ ఖర్చులకు పంపాడు. పోనీ, అది నా కష్టం. ఫ్రీజర్ మెయింటెనెన్స్ ఒప్పందం కూడా ఆ డబ్బులోనే రెన్యూవల్ కావాలి. కాలేదు. మూడో ఏడాది మే నెలలో, వరసగా సెలవులొచ్చిన రోజుల్లో, కంప్రెసర్ ఆగిపోయింది. మేము తలుపు తీసేసరికి లోపల నీళ్ళు. కవర్లు తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. చాలావాటి మీద ఆకుపచ్చ బూజు. నేను రాసిన ఊళ్ళ పేర్లు ఇంకు కారి చెరిగిపోయాయి.

ఎవరినీ నిందించాలని రాయడం లేదు. మా సారు ఫైలు పట్టుకుని తిరగని బల్ల లేదు. ఆఫీసు వాళ్ళు రూలు ప్రకారమే నడిచారు. అందరూ రూలు ప్రకారమే నడిస్తే మూడేళ్ళ పని పోయింది. ఆ తర్వాత నెల నుంచి ఫెలోషిప్ టైముకే పడింది. పోయిన నమూనాలను మళ్ళీ తేలేకపోయాం. ఆ ఏళ్ళ తెగులు ఆ ఏళ్ళతోనే పోయింది.

ఈ రూళ్ళన్నీ ఎక్కడినుంచి వస్తున్నాయో తర్వాత కూర్చుని చదివాను. ఫిబ్రవరి 1న ఆర్థిక మంత్రి చదివే అంకె బడ్జెట్ అంచనా మాత్రమే. ఏడాది మధ్య దాటాక, అక్టోబరు, నవంబరుల్లో, ఆర్థిక శాఖ ప్రతి శాఖనూ పిలిచి ఇప్పటిదాకా ఎంత ఖర్చుపెట్టారని అడుగుతుంది. దాన్నిబట్టి సవరించిన అంచనా తయారవుతుంది. పరిశోధనకు డబ్బు ఆలస్యంగా చేరుతుంది కాబట్టి అప్పటికి ఖర్చు తక్కువ ఉంటుంది. ఖర్చు తక్కువ ఉంది కాబట్టి సవరణలో కోత పడుతుంది. కోత పడిన అంకె వచ్చే ఏడాది బేరానికి ఆధారం అవుతుంది. పైగా చివరి మూడు నెలల్లో మొత్తం బడ్జెట్‌లో 33 శాతానికి మించి, ఒక్క మార్చిలో 15 శాతానికి మించి ఖర్చు చేయకూడదని నిబంధన. దుబారా ఆపడానికి పెట్టిన నిబంధన అది, దాని ఉద్దేశం మంచిదే. కానీ డిసెంబరులో డబ్బు అందిన ప్రయోగశాలకు అది చేతులు కట్టేస్తుంది.

ఇక సభ. రాజ్యాంగం 113వ అధికరణ ప్రకారం లోక్‌సభ ఒక శాఖ ఖర్చు పద్దును ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచే అధికారం లేదు. అసెంబ్లీకి 203 ప్రకారం ఇదే పరిస్థితి. అంటే మన ఎంపీ లేచి పరిశోధనకు ఇంకో వంద కోట్లు కలపండని సవరణ పెట్టలేడు. అతనికున్న ఆయుధం ప్రశ్న. లేదా కోత తీర్మానం. వంద రూపాయలు తగ్గించమని తీర్మానం పెట్టి, ఆ పేరుతో శాఖ ఏం చేస్తోందో సభలో చర్చకు పెట్టించవచ్చు. వంద రూపాయల కోతతో కోట్ల లెక్క అడిగే వీలు అది. నాకు బాగా నచ్చిన పార్లమెంటు సంప్రదాయం. అయితే ఆ చర్చ జరగాలిగా? నాలుగైదు శాఖల పద్దుల మీద మాట్లాడి, గడువు రాగానే మిగతావన్నీ గిలటిన్ కింద ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు. 2018లోనూ 2023లోనూ గొడవల మధ్య అన్ని శాఖల పద్దులూ చర్చే లేకుండా ఆమోదం పొందాయి. మన పన్నుల డబ్బు లక్షల కోట్లు, ఒక్క ప్రశ్న లేకుండా.

1993 నుంచి పార్లమెంటులో ఈ పద్దులను పరిశీలించే శాఖలవారీ స్థాయీ సంఘాలు ఉన్నాయి కాబట్టి కొంత నయం. ఆ సంఘాల నివేదికలు తీసి చదివితే మనసు బాధపడుతుంది. కేటాయింపు చాలదు, విడుదల ఆలస్యమైంది, వాడలేకపోయారు. ఏటా ఇవే మాటలు. సంఘం సిఫారసు చేస్తుంది, శాఖ గమనించాం అంటుంది, మళ్ళీ బడ్జెట్ వస్తుంది.

అంకెలు కొన్ని చెప్పక తప్పదు. దేశం మొత్తం పరిశోధనకు పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం, ఇది 2020-21 లెక్క. దక్షిణ కొరియాది నాలుగు శాతం పైన, చైనాది రెండు శాతం పైన. మనం రెండు శాతం చేరుకుంటామని 2003 సైన్సు విధానంలో రాసుకున్నాం, 2013 విధానంలో మళ్ళీ రాసుకున్నాం. వ్యవసాయానికి వస్తే, 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఎరువుల సబ్సిడీ దాదాపు 1.68 లక్షల కోట్లు. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి), దాని కింద దేశమంతటా ఉన్న వ్యవసాయ పరిశోధన సంస్థలను చూసే శాఖకు 10,466 కోట్లు. అందులోనూ ఎక్కువ భాగం జీతాలకూ పెన్షన్లకే పోతుంది. సబ్సిడీ తగ్గించమని నేను అనను, ఆ బస్తాలు మా చేనుకూ వస్తున్నాయి. పదహారు రూపాయలు బస్తాకు పెట్టే చోట ఒక రూపాయి విత్తనం మీద, తెగులు మీద, నేల మీద పెడుతున్నాం, ఆ రూపాయీ వేళకు చేరడం లేదని అంటున్నాను.

రాష్ట్రం పాత్ర కూడా చిన్నది కాదు. అఖిల భారత సమన్వయ ప్రాజెక్టులని ఉంటాయి. వరి, చెరకు, కూరగాయలు, పశువులు, ఒక్కోదానికి ఒక్కోటి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో నడిచేవాటికి 75 శాతం కేంద్రం ఇస్తుంది, 25 శాతం రాష్ట్రం ఇవ్వాలి. ఈ 25 శాతం మన అసెంబ్లీ ఓటు వేసే డబ్బు. మన రాష్ట్రంలో వ్యవసాయానికి విడిగా బడ్జెట్ చదువుతారు, 2024-25లో 43,402 కోట్లు. చదివిన రోజు టీవీల్లో పెద్ద అంకె వస్తుంది. పరిశోధన స్థానంలో ఖాళీ పోస్టులు ఎన్ని, ఈ రబీకి కూలీల డబ్బు ఎప్పుడు విడుదలైంది అన్నది ఏ చానల్లోనూ రాదు.

ఇది చెప్పినప్పుడల్లా నాకు రెండు సమాధానాలు ఎదురవుతాయి. బడి పైకప్పు కారుతుంటే పరిశోధన ఏంటమ్మా అని ఒకటి. మా మామ లాంటివాళ్ళు అనే మాట ఇది, కొట్టిపారేసేది కాదు. కానీ ఆయన రెండు దఫాల మందుకూ, కొట్టిన కూలికీ, తగ్గిన పుట్టికీ లెక్క వేస్తే, తెగులు తట్టుకునే రకం ఆయన చేతికి వచ్చిన ఏడాదే ఆ ఖర్చంతా ఆయన ఇంట్లో మిగిలేది. ఇంకో సంగతి, 2017లో యూరప్ దేశాలు బియ్యంలో ట్రైసైక్లజోల్ అవశేషాల పరిమితిని కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01కి దించాయి. మన బాస్మతి రైతులు ఆ దెబ్బ తిన్నారు. మందు మీద ఆధారపడ్డ పంటకు రేపు మార్కెట్టే ఉండకపోవచ్చు.

రెండో సమాధానం చదువుకున్నవాళ్ళది. ప్రైవేటువాళ్ళు చేస్తారు కదా అంటారు. హైబ్రిడ్ విత్తనాలైతే చేస్తారు, ఏటా కొనాలి కాబట్టి. మామూలు వరి తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. ఈ ఏడాది కోసిన ధాన్యంలోంచే వచ్చే ఏడాదికి విత్తనం తీసి పెట్టుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వచ్చు. మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణకు చేసిన 2001 చట్టంలోని 39వ సెక్షన్ రైతుకు ఆ హక్కు రాసి ఇచ్చింది. నాయన 34449 విత్తనం మొదట స్టేషన్ నుంచి తెచ్చాడు, ఆ తర్వాత ఊళ్ళో ఎంతమంది మా గాదె నుంచి పట్టుకెళ్ళారో లెక్కే లేదు. పన్నెండేళ్ళు ఖర్చుపెట్టి, ఒక్కసారి అమ్మి ఊరుకునే వ్యాపారం ఏ కంపెనీ చేస్తుంది? చేయదు, చేయమని అడగడమూ న్యాయం కాదు.

అందుకే ఢిల్లీలో పెద్ద అంకెలు విన్నప్పుడు నాకు సంతోషం కంటే టెన్షన్ ఎక్కువ. 2023లో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం చేశారు. ఐదేళ్ళలో 50,000 కోట్లు అన్నారు. అందులో ప్రభుత్వం ఇచ్చేది 14,000 కోట్లు, మిగతా 36,000 కోట్లు ప్రైవేటు నుంచి, దాతల నుంచి రావాలి. ఆ తర్వాత లక్ష కోట్ల ఆర్‌డీఐ (పరిశోధన, అభివృద్ధి, ఇన్నోవేషన్) నిధి వచ్చింది. అది ప్రైవేటు రంగం కోసం, అదీ ప్రయోగశాలలో రుజువై కొంత ముందుకు నడిచిన టెక్నాలజీకి. రెండూ అవసరమే. పీట మీద కూర్చుని కంకి కత్తిరించే అక్క కూలికి మాత్రం ఆ లక్ష కోట్లలోంచి దారి లేదు.

సముద్రం వైపు చూడండి. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి మన తీరంలో టైగర్ రొయ్యల గుంటలు ఊడ్చుకుపోయాయి. అప్పులపాలైన ఇళ్ళు ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు ఇప్పటికీ ఆ ఏళ్ళను చెప్పుకుంటాయి. 2009లో వనామీ అనే విదేశీ రొయ్యకు అనుమతి వచ్చాక మళ్ళీ లేచాం. కానీ వనామీ మనది కాదు. తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికా లాంటి దేశాల నుంచి విమానంలో రావాలి. వ్యాధి లేని తల్లి రొయ్యలను తరాల తరబడి ఎంపిక చేసి పెంచే పని వాళ్ళు ముందు చేశారు, మనం చేయలేదు. మన సొంత తెల్లరొయ్యను అలా అభివృద్ధి చేసే పనికి చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సీబాకు 25 కోట్లతో ప్రాజెక్టు ఇచ్చారు. 2023-24లో దేశం ఎగుమతి చేసిన శీతలీకరించిన రొయ్యల విలువ 40,000 కోట్ల పైన. ఇంత వ్యాపారానికి ఆ పని ముప్పై ఏళ్ళ ముందే మొదలుకావలసింది. మొదలైంది కాబట్టి ఇప్పుడైనా మధ్యలో ఆగకూడదు.

ఒంగోలు గిత్త కథ మరీ బాధ. మన పశువు బ్రెజిల్ వెళ్ళింది. అక్కడ దానికి మన ఊరి పేరే పెట్టి నెలోరె అన్నారు. వాళ్ళ ప్రభుత్వం 1973లో ఎంబ్రాపా అనే పరిశోధన సంస్థ పెట్టి, ఎడతెగకుండా డబ్బు పెట్టింది. అక్కడి పశుపాలకులూ తరాల లెక్కలు రాసిపెట్టుకున్నారు. 2023లో వయాటినా-19 అనే నెలోరె ఆవులో మూడో వంతు వాటా వేలం వేస్తే, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఆ జాతి పుట్టిన ప్రకాశం జిల్లాలో ఇవాళ గిత్తను పందేల్లోనే ఎక్కువగా చూస్తున్నాం.

ఇక మన వంతు. ఏటా సోమశిల నీళ్ళ మీద కలెక్టరేట్‌లో సాగునీటి సలహా మండలి కూర్చుంటుంది. ఎన్ని టీఎంసీలు, ఏ కాలువకు ఎంత, రెండో పంట ఎడగారుకు నీళ్ళు వదులుతారా లేదా. ఆ రోజు జిల్లా ఎమ్మెల్యేలు ఎంత గట్టిగా వాదిస్తారో అందరికీ తెలుసు. తమ ఆయకట్టు ఎకరాలు నోటి లెక్కగా చెప్తారు. ఎందుకంటే నీళ్ళు రాకపోతే ఊళ్ళో మేము అడుగుతామని వాళ్ళకు తెలుసు. పోయినసారి మా ఊరికి ఎమ్మెల్యే వచ్చినప్పుడు నేనూ ఉన్నాను. కాలువ పూడిక అడిగారు, రోడ్డు అడిగారు, పుట్టి ధర అడిగారు. అన్నీ న్యాయమైనవే. పరిశోధన స్థానం మాట ఎవరూ ఎత్తలేదు. ఆ పని చేసి, ఆ ఫ్రీజర్ తలుపు తీసి చూసిన నేను కూడా ఎత్తలేదు. ఆయన కారెక్కాక నాకు గుర్తొచ్చింది.

ఈసారి రాసుకుని వెళ్తాను. సమన్వయ ప్రాజెక్టుల్లో రాష్ట్రం వాటా 25 శాతం ఈ ఏడాది ఏ తేదీన విడుదలైందో అసెంబ్లీలో అడగండి అని. పంట పరిశోధనకు మార్చి 31 గడువు కాకుండా మూడేళ్ళకో ఐదేళ్ళకో ఒకేసారి మంజూరు చేసి, మిగిలిన డబ్బు వెనక్కి పోకుండా చూడమని ప్రభుత్వాన్ని అడగండి అని. నెల్లూరు స్టేషన్‌లో శాస్త్రవేత్తల పోస్టులు ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని నిండాయి అని. ఇదే కాగితం ఎంపీకి కూడా ఇస్తాను, సవరించిన అంచనాలు తయారయ్యే నవంబరు లోపల. బడ్జెట్ రోజున ఇస్తే అప్పటికే ఆలస్యం. నాతో పాటు మామ వస్తానన్నాడు. మీ నియోజకవర్గంలోనూ ఇలాంటి స్టేషన్ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. నిమ్మకో, శనగకో, పశువులకో. ఒకసారి గేటు దాటి లోపలికి వెళ్ళి, ఈ పంటకు డబ్బు వచ్చిందా సార్ అని అడిగి చూడండి.

నాయనకు ఈసారి స్టేషన్ వాళ్ళు మినీకిట్ ఇచ్చారు. చిన్న గుడ్డ సంచి, మీద ఒక నంబరు, పేరేమీ లేదు. "పేరు పెట్టలేదేంది పాపా దీనికి?" అని అడిగాడు. ఇంకా విడుదల కాలేదు నాయనా, ఇంకో రెండు పంటలు చూడాలి అన్నాను. మామ చేను పక్కనే ఉన్న మూల మడి దానికోసం వదిలిపెట్టాడు. జనవరిలో మచ్చలు లెక్కపెట్టడానికి స్టేషన్ వాళ్ళు వస్తామన్నారు, జీపుకు డీజిల్ డబ్బు అందితే.